రెండో కోర్సు వద్దు, ఆ పాత డెస్క్‌టాప్ అడుగు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయి మూడేళ్ళవుతోంది. హనుమకొండలో మీసేవ, జిరాక్స్ రెండూ ఉన్న షాపులో పని చేస్తూ నయీంనగర్‌లో హాస్టల్లో ఉంటున్నాను. ఆన్‌లైన్‌లో నాలుగు నెలలు క్లౌడ్ కోర్సు చేశాను. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అసోసియేట్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. హైదరాబాద్‌లో రెండు ఇంటర్వ్యూలకు పోతే రెండు చోట్లా ఒకటే అడిగారు: ‘సైట్ ఓపెన్ కావట్లేదని కస్టమర్ ఫోన్ చేశాడు, ముందు ఏం చూస్తావ్?’ వీపీసీ (క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్) అంటే ఏంటని అడిగితే గడగడా చెప్పేదాన్ని, దీనికి మాత్రం నోట మాట రాలేదు. అమీర్‌పేటలో అరవై వేలకు ఇంకో కోర్సు ఉందట, ‘రియల్ టైమ్ ప్రాజెక్టులు’ చేయిస్తారట. నాన్న మిర్చి అమ్మిన డబ్బులు ఇస్తానంటున్నాడు. సొంతంగా ప్రాక్టీస్ చేద్దామంటే కార్డు పెట్టాలంటే భయం. మా క్లాస్‌మేట్‌కు తొమ్మిది వేల బిల్లు వచ్చింది. కోర్సులో వాళ్ళ అకౌంట్‌లోనే చేయించారు, నాకంటూ అకౌంట్ లేదు. లాప్‌టాప్ ఏమో 4 జీబీ ర్యామ్‌ది. షాపులో వాడని పాత డెస్క్‌టాప్ ఒకటి మూలకు పడి ఉంది. కోర్సులో చేరమంటావా? — ఒక చెల్లెలు, హనుమకొండ

సమాధానం: చేరొద్దు చెల్లే. మిర్చి డబ్బులు నాన్న దగ్గరే ఉండనీ.

నువ్వు రాసిన ఉత్తరంలోనే నీకు కావాల్సిన సిలబస్ ఉంది. ఆ ఇంటర్వ్యూ ప్రశ్న చూడు. వాళ్ళు నిన్ను తికమక పెట్టడానికి అడగలేదు. ఆ ఉద్యోగంలో పొద్దున లేస్తే చేసే పనే అది. ఇరవై ఏళ్ళుగా సర్వర్లు చూసుకుంటూ బతుకుతున్నదాన్ని, కొన్నేళ్ళుగా ఇంటర్వ్యూ బల్లకు అవతలి పక్కన కూడా కూర్చుంటున్నాను, నేనూ అదే అడుగుతాను. వీపీసీ నిర్వచనం ఎవరన్నా చెబుతారు. నీ కోర్సులో అంతా సరిగ్గా పనిచేసే మెషిన్లనే చూపించారు. స్క్రీన్ మీద వాళ్ళు నొక్కింది నువ్వూ నొక్కావు, పేజీ తెరుచుకుంది, అయిపోయింది. ఒక్కసారన్నా తెరుచుకోకపోతే కదా, ఎందుకు తెరుచుకోలేదని వెతికే అవసరం పడేది! అరవై వేల కోర్సులో అయినా జరిగేది చాలావరకు అదే, కాకపోతే ఇంకాస్త పెద్ద మెషిన్ల మీద.

మీది నర్సంపేట వైపు అంటున్నావు, పాఖాల కాలువలు ఎరిగినదానివే అయి ఉంటావు. చివరి మడికి నీళ్ళు అందడం లేదని రైతు వచ్చి చెబితే నీరటి ఏం చేస్తాడు? పార భుజాన వేసుకొని నడుస్తాడు. చెరువులో నీళ్ళున్నాయా, తూము ఎత్తి ఉందా, కాలువకు ఎక్కడన్నా గండి పడిందా, పై మడి రైతు రాత్రికి రాత్రి మట్టి అడ్డం వేసుకున్నాడా. ఒక్కో చోట ఆగి ‘ఇక్కడిదాకా వచ్చాయి’ అనుకొని ముందుకు పోతాడు. ఎక్కడ తడి ఆగిపోయిందో ఆ ముందరి అడుగులోనే తప్పు ఉంటుంది. ఇంటర్వ్యూలో వాళ్ళు వినాలనుకున్నది ఈ నడకే.

నీ సైట్‌కు కూడా కాలువ ఉంది. కస్టమర్ బ్రౌజర్‌లో పేరు కొడతాడు. డీఎన్ఎస్ ఆ పేరును ఐపీ అడ్రస్‌గా మారుస్తుంది. అక్కడినుంచి ఇంటర్నెట్ మీదుగా ఇంటర్నెట్ గేట్‌వే (మన నెట్‌వర్క్ గుమ్మం), రూట్ టేబుల్ (ఏది ఏ దారిన పోవాలో చెప్పే పట్టీ), సెక్యూరిటీ గ్రూప్ (ఎవరిని రానివ్వాలో చూసే కాపలా), మెషిన్, ఆ మెషిన్ మీద పోర్టు (నంబరు వేసిన తలుపు), ఆ పోర్టు దగ్గర వింటూ కూర్చున్న ప్రోగ్రామ్, దాని వెనక ఫైలో డేటాబేసో. ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తులు ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంటాయి, మనం చదవం అంతే. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వచ్చిందంటే నువ్వు పంపిన దానికి జవాబే రాలేదు. దారి లేదు, లేదా దారిలో ఎవరో చప్పుడు చేయకుండా పడేశారు. సెక్యూరిటీ గ్రూప్, రూట్ టేబుల్ చూడాలి. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే మామూలుగా మెషిన్ దాకా చేరావు, కానీ ఆ పోర్టు దగ్గర ఎవరూ లేరు. వెబ్ సర్వర్ ఆగిపోయి ఉంటుంది. 502 వస్తే వెబ్ సర్వర్ బతికే ఉంది, దాని వెనకున్న ప్రోగ్రామ్ పడిపోయింది. 403 వస్తే అన్నీ నడుస్తున్నాయి, ఫైల్ చదివే అనుమతి లేదు. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న మెషిన్‌లోకి లాగిన్ అయి కమాండ్లతో నడిపే పద్ధతి) ‘పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ’ అని వస్తే నెట్‌వర్క్ జోలికే పోవద్దు, తాళంచెవి తప్పు లేదా యూజర్ పేరు తప్పు. ఉబుంటు మెషిన్‌కు యూజర్ ఉబుంటు, అమెజాన్ లైనక్స్‌కు ఈసీ2 హైఫన్ యూజర్. దీని మీద ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. ఇంకొకటి: పింగ్‌కు (మెషిన్ పలుకుతుందా అని పంపే కబురు) జవాబు రాలేదని మెషిన్ చచ్చిపోయిందని రాసెయ్యకు. సెక్యూరిటీ గ్రూప్‌లో నువ్వు తెరిస్తే తప్ప పింగ్‌కు జవాబు రాదు.

ఇవన్నీ చదివితే ఇప్పుడు బాగానే అర్థమవుతాయి, వారం తర్వాత మరిచిపోతావు. చేత్తో చెడగొట్టి చూస్తేనే గుర్తుంటాయి.

దానికి మొదట క్లౌడ్ కూడా అక్కర్లేదు. షాపులో మూలకు పడి ఉన్న ఆ డెస్క్‌టాప్ చాలు. 2 జీబీ ర్యామ్ ఉన్నా డెబియన్ లైనక్స్ నడుస్తుంది, కాకపోతే డెస్క్‌టాప్ బొమ్మలు లేకుండా, నల్ల స్క్రీన్ మాత్రమే ఉండేలా ఇన్‌స్టాల్ చేసుకో. అందులో పాత కస్టమర్ల ఆధార్‌లు, మెమోల స్కాన్లు ఉండే ఉంటాయి. మీ ఓనర్‌ను అడిగి, కావాల్సినవి తీసి పెట్టుకొమ్మని చెప్పి, ఆ తర్వాతే తుడిచెయ్. డెస్క్‌టాప్‌ను షాపు రౌటర్‌కు తగిలించి, మానిటర్, కీబోర్డు తీసేసి, నీ లాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తోనే దాన్ని నడుపు. క్లౌడ్ మెషిన్ కూడా నీకు అచ్చం అలాగే కనబడుతుంది, అది ముంబైలో ఉన్నా మూలన ఉన్నా ఒకటే నల్ల స్క్రీన్.

దాని మీద ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వేసి ఒక పేజీ పెట్టు. ‘హలో వరల్డ్’ పెట్టకు, విసుగొస్తుంది. మీ షాపుకు రోజూ వచ్చి అడిగేదే పెట్టు: ఇన్‌కం సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు కావాలి, క్యాస్ట్‌కు ఏవి, రెసిడెన్స్‌కు ఏవి. షాపులో ఉన్నవాళ్ళు ఫోన్‌లో తెరిచి చూసుకుంటారు. నిజంగా ఎవరో వాడుతున్నారంటే, అది పడిపోయినప్పుడు వచ్చే టెన్షన్ కూడా నిజమైనదే. ఏ ఇన్‌స్టిట్యూటూ ఆ టెన్షన్ నీకు అమ్మలేదు. ఒక్క జాగ్రత్త, పేజీలో కాగితాల పేర్లే ఉండాలి, మనుషుల కాగితాలు ఉండకూడదు. ప్రాక్టీస్ కోసమని కూడా ఏ కస్టమర్ ఆధార్ కాపీనీ ఎక్కడా అప్‌లోడ్ చేయకు.

తర్వాత కరెంటు సంగతి. హనుమకొండలో ఎండాకాలం గాలిదుమారం వస్తే కరెంటు పోతుంది కదా, అది నీకు పైసా ఖర్చు లేని పరీక్ష. కరెంటు వచ్చాక ఆ పేజీ దానంతట అదే లేచిందా? నువ్వు చేతిలో ఉన్న కమాండ్‌తో సర్వీస్‌ను ‘స్టార్ట్’ చేసి వదిలేసి ఉంటే లేవకపోవచ్చు. ‘ఎనేబుల్’ కూడా, అంటే మెషిన్ లేచినప్పుడల్లా దానంతట అదే మొదలయ్యేలా, చేసి ఉండాలి. రెండింటికీ తేడా అడిగితే ఇంటర్వ్యూలలో సగం మంది తడబడతారు. కరెంటు పోయి పేజీ లేవక ఓనర్‌తో ఒకసారి మాట పడితే జన్మలో మరిచిపోవు.

ఇక రోజుకొకటి చెడగొట్టు. వెబ్ సర్వర్‌ను ఆపేసి బ్రౌజర్‌లో ఏం వస్తుందో రాసుకో. కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక సెమీకోలన్ తీసేసి రీస్టార్ట్ చెయ్, లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో ఏ లైన్ నంబర్ చూపిస్తుందో చూడు. పేజీ ఫైల్‌కు చదివే అనుమతి తీసెయ్. డిస్క్ నింపడం మాత్రం తప్పకుండా చెయ్, ఎందుకంటే అసలు ఉద్యోగంలో నీకు మొట్టమొదట ఎదురయ్యేది అదే అయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద ఫైల్ ఒకటి సృష్టించి డిస్క్ వంద శాతం చేస్తే డేటాబేస్ వింతగా ప్రవర్తిస్తుంది, లాగ్‌లు రాయడం ఆగిపోతాయి, ఎర్రర్‌లలో ఎక్కడా ‘డిస్క్ నిండింది’ అని సూటిగా కనబడకపోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. నడుస్తున్న ప్రోగ్రామ్ రాస్తున్న లాగ్ ఫైల్‌ను డిలీట్ చేస్తే ఫైల్ పోతుంది, చోటు మాత్రం తిరిగిరాదు. ఆ ప్రోగ్రామ్ దాన్ని పట్టుకొనే ఉంటుంది. డీయూ కమాండ్ కనబడే ఫైళ్ళను కూడి ఒక లెక్క చెబుతుంది, డీఎఫ్ డిస్క్‌లో వాడిన చోటు చూసి ఇంకో లెక్క చెబుతుంది. సర్వీస్ రీస్టార్ట్ చేస్తేనే చోటు వస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, రాత్రి రెండు గంటలకు నేర్చుకున్నాను.

నీ అంతట నువ్వే చెడగొడితే ఎక్కడ చెడగొట్టావో నీకు తెలుసు కాబట్టి సగం మజా పోతుంది. హాస్టల్లో కంప్యూటర్స్ చదివే అమ్మాయి ఒకరన్నా ఉంటారు. నీ మెషిన్‌లో ఏదో ఒకటి మార్చి, చెప్పకుండా లేచిపొమ్మను. ఆమె మెషిన్‌ను నువ్వు చెడగొట్టు. మిర్చీ బజ్జీలు పందెం వేసుకోండి.

నా కథ ఒకటి చెబుతాను. అది 2010. ఒక ప్రైవేటు సంస్థ సర్వర్ హైదరాబాద్‌లో ఉండేది, నేను హనుమకొండ నుంచి చూసుకునేదాన్ని. భద్రత కోసమని రాత్రి పూట దానిమీద యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్ చేశాను. ఎస్ఎస్‌హెచ్ వచ్చే 22వ పోర్టుకు ముందుగా అనుమతి ఇవ్వాలి, ఇవ్వలేదు. ‘ఇప్పుడున్న ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్లకు ఆటంకం కలగొచ్చు, చేయమంటావా’ అని అది అడిగింది కూడా. వై నొక్కాను. కనెక్షన్ తెగలేదు. అప్పటికే కుదిరిన కనెక్షన్లను అది వదిలేస్తుందని నాకేం తెలుసు! బాగానే ఉందనుకొని బయటికి వచ్చి, ఏదో గుర్తొచ్చి మళ్ళీ లోపలికి పోబోతే తలుపు మూసి ఉంది. తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి, ఆ మెషిన్ ముందు కూర్చొని, ఒక్క లైన్ కొట్టి, సాయంత్రం రైలుకు తిరిగొచ్చాను. అప్పటినుంచి ఫైర్‌వాల్ ముట్టుకుంటే పాత కనెక్షన్ మూయకుండా, రెండో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూసుకున్నాకే చాయ్‌కి లేస్తాను.

క్లౌడ్‌లో ఇదే పొరపాటు కావాలని చెయ్. అక్కడ రైలెక్కితే లాభం లేదు, ఆ మెషిన్ ముందుకు నిన్ను ఎవరూ రానివ్వరు. మెషిన్‌ను ఆపి, దాని డిస్క్‌ను ఊడదీసి, అదే అవైలబిలిటీ జోన్‌లో (ఒకే డేటా సెంటర్ల గుంపులో) ఉన్న ఇంకో మెషిన్‌కు రెండో డిస్క్‌గా తగిలించి, ఫైర్‌వాల్ ఫైల్‌లో ‘ఎనేబుల్డ్’ దగ్గర ‘నో’ అని రాసి, మళ్ళీ పాత మెషిన్‌కు బిగించాలి. మొదటిసారి నీకు ఒక పూట పడుతుంది. ఈ ఒక్కటి చేసి, ఎలా చేశావో వరసగా చెప్పగలిగితే, నా ఎదురుగా కూర్చున్న అమ్మాయిని ఇంకో మూడు ప్రశ్నలు తక్కువ అడుగుతాను.

ఇప్పుడు కార్డు భయం దగ్గరికి వద్దాం. ఆ భయం మంచిదే, కానీ పాత కబుర్లు విని భయపడకు. యూట్యూబ్‌లో ‘పన్నెండు నెలలు ఫ్రీ’ అనే వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. ఏడబ్ల్యూఎస్‌లో 2025 జులై 15 నుంచి కొత్త అకౌంట్లకు పద్ధతి మారింది. తెరవగానే 100 డాలర్ల క్రెడిట్, వాళ్ళు చెప్పిన కొన్ని పనులు చేస్తే ఇంకో 100 దాకా ఇస్తారు. తెరిచేటప్పుడు ఫ్రీ ప్లాన్, పెయిడ్ ప్లాన్ అని రెండు అడుగుతుంది. ఫ్రీ ప్లాన్ తీసుకుంటే ఆరు నెలలు నిండడమో, క్రెడిట్ అయిపోవడమో, ఏది ముందైతే అది వచ్చినప్పుడు ప్లాన్ ముగుస్తుంది. పెయిడ్‌కు నీ అంతట నువ్వు మారితే తప్ప బిల్లు పడదు. నీకు సొంత అకౌంట్ లేదన్నావు కాబట్టి ఇది నీకు వర్తిస్తుంది. కానీ ఇవాళే తెరవకు. ఆరు నెలల గడియారం తెరిచిన రోజు నుంచే తిరుగుతుంది. రెండు నెలలు ఆ డెస్క్‌టాప్‌తో కుస్తీ పట్టాక తెరువు.

బిల్లు రాకపోయినా బిల్లు వస్తుందన్నట్టే మెలుగు, ఎందుకంటే రేపు కంపెనీ డబ్బుతో ఆడేది నువ్వే. మీ క్లాస్‌మేట్‌కు అంత బిల్లు ఎలా వచ్చిందో ఉత్తరంలో లేదు కానీ, మామూలుగా దొంగలు ముగ్గురే ఉంటారు. నాట్ గేట్‌వే ఒకటి, లోపలి మెషిన్లను ఇంటర్నెట్‌కు పంపే దారి అది. ఒక్క బైటు పోకపోయినా గంట గంటకూ మీటర్ తిరుగుతుంది. అమెరికా రీజియన్లలో (మెషిన్లు ఉండే ప్రాంతాల్లో) గంటకు 4.5 సెంట్లు, నెలంతా వదిలేస్తే 32 డాలర్లు, అంటే రెండున్నర వేల రూపాయల పైమాటే. రెండోది పబ్లిక్ ఐపీ. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కూ గంటకు అర సెంటు తీసుకుంటున్నారు. మూడోది మెషిన్‌ను ‘స్టాప్’ చేసి పడుకోవడం. మెషిన్ ఆగినా డిస్క్‌కు కిరాయి నడుస్తూనే ఉంటుంది. పైగా కన్సోల్‌లో ఈసీ2 (మెషిన్లు కిరాయికిచ్చే సర్వీస్) పేజీ ఒక్కసారికి ఒక్క రీజియన్‌నే చూపిస్తుంది. ముంబైలో చూసుకుంటూ ఉంటావు, ఎప్పుడో ఓహాయోలో వదిలేసిన మెషిన్ అక్కడ హాయిగా తింటూ ఉంటుంది. బడ్జెట్ అలర్ట్ పెట్టుకో, కానీ అలర్ట్ అంటే కబురే, అది దేన్నీ ఆపదు, ఆ కబురు కూడా కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది.

అన్ని అధికారాలూ ఉండే రూట్ అకౌంట్‌కు ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో తాళం) పెట్టి పక్కన పెట్టెయ్, పని మొత్తం వేరే యూజర్‌తో చెయ్. యాక్సెస్ కీలను (ప్రోగ్రాములు నీ అకౌంట్‌లోకి పోయే తాళంచెవులు) పొరపాటున కూడా అందరూ కోడ్ పెట్టే గిట్‌హబ్‌లోకి ఎక్కించకు. వాటికోసమే రాత్రింబవళ్ళు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి, నిమిషాల్లో పట్టుకొని నీ పేరుతో మెషిన్లు లేపుతాయి. రీజియన్ ముంబై తీసుకో. 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో కూడా ఉంది కానీ దాన్ని అకౌంట్‌లో ముందుగా ఆన్ చేసుకోవాలి, లిస్టులో కనబడలేదని కంగారు పడకు. అజూర్, గూగుల్ క్లౌడ్ కూడా నేర్చుకోవాలా అని తర్వాతి ఉత్తరంలో అడుగుతావు, ఇప్పుడే చెబుతున్నా: వద్దు. ఒక ఊరి కాలువలు తెలిస్తే ఇంకో ఊరికి పోయినా వారంలో తెలుస్తాయి.

క్లౌడ్‌లో మొదటి పని, వాళ్ళు సిద్ధంగా ఇచ్చే డిఫాల్ట్ వీపీసీని వాడకపోవడం. అందులో గేట్‌వే, దారులు అన్నీ వాళ్ళే కట్టి పెడతారు, నీకు తెలిసేదేమీ ఉండదు. సొంతంగా 10.0.0.0/16 తో ఒకటి కట్టు. అందులో 65,536 అడ్రస్‌లుంటాయి. దాన్ని /24 ముక్కలుగా చేస్తే ఒక్కో సబ్‌నెట్‌కు 256, అందులో 5 ఏడబ్ల్యూఎస్ తన కోసం ఉంచుకుంటుంది, నీకు 251. మెషిన్ పెట్టి లోపలికి పోబోతే ‘టైమ్డ్ అవుట్’ వస్తుంది. వచ్చి తీరాలి, ఎందుకంటే కొత్త సెక్యూరిటీ గ్రూప్ బయటినుంచి దేన్నీ రానివ్వదు, ఇంటర్నెట్ గేట్‌వేకు దారి నువ్వింకా వేయలేదు, పబ్లిక్ ఐపీ కూడా ఇచ్చి ఉండవు. ఒక్కొక్కటీ తెరుస్తూ, ఒక్కొక్కసారీ ప్రయత్నిస్తూ పో. మూడూ ఒకేసారి తెరిచేస్తే పని అవుతుంది కానీ ఏది అడ్డం ఉందో తెలియదు. పేజీ తెరుచుకున్నాక రూట్ టేబుల్‌లో ఆ దారి తీసెయ్, మళ్ళీ చూడు. రాత్రి మొత్తం డిలీట్ చెయ్. రేపు మొదటినుంచి కట్టు. మొదటిసారి మూడు గంటలు పట్టింది ఐదోసారికి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

అప్పుడు, ఆ ఐదోసారి విసుగొచ్చాక, టెర్రాఫార్మ్ (ఏం కావాలో ఫైల్‌లో రాస్తే తనే కట్టే టూల్) మొదలుపెట్టు. అంతకు ముందు వద్దు. చేత్తో కట్టనిది ఫైల్‌లో రాస్తే అది ఏం చేస్తోందో తెలియకుండానే నడిచిపోతుంది. ‘అప్లై’ కొట్టే ముందు ‘ప్లాన్’ చూపించేది ప్రతి లైనూ చదువు, ముఖ్యంగా ‘డిస్ట్రాయ్’ అని ఎక్కడైనా ఉందేమో. కుబర్నెటీస్ (కంటైనర్లను నడిపే పెద్ద వ్యవస్థ) గురించి ఈ ఏడు ఎవరు ఏం చెప్పినా వినకు.

బ్యాకప్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. గిట్‌ల్యాబ్ అని, సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది తమ కోడ్ దాచుకునే సంస్థ. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీర్ ఒకతను ఒక సర్వర్ అనుకొని ఇంకో సర్వర్ మీద, అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌నే డిలీట్ చేశాడు. రెండు సెకన్లలో తప్పు తెలిసి ఆపాడు. 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. అంతవరకు ఎవరికైనా జరుగుతుంది. తర్వాతది వినాలి. బ్యాకప్‌ల కోసం చూస్తే, రోజూ ఎస్3 (అమెజాన్ ఫైళ్ళ గోదాం) లోకి పోతుందనుకున్న బ్యాకప్ బకెట్ ఖాళీ. వెర్షన్ కుదరక ఆ పని రోజూ విఫలమవుతోంది, విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళు కూడా చేరడం లేదు. పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి ఉంటే దాంతో బయటపడ్డారు, ఆ ఆరు గంటల్లో మారిన డేటా పోయింది. దాచిపెట్టకుండా ఇదంతా వాళ్ళే ప్రపంచానికి చెప్పారు, అందుకే ఆ సంస్థంటే నాకు గౌరవం. నువ్వు చేయాల్సింది: నీ పేజీ వెనక చిన్న డేటాబేస్ పెట్టు, బ్యాకప్ తియ్, మెషిన్‌నే డిలీట్ చెయ్, కొత్త మెషిన్ మీద ఆ బ్యాకప్‌తో నిలబెట్టు. గడియారం చూసుకో. ఎన్ని నిమిషాలు పట్టిందో నోటుబుక్‌లో రాయి.

నోటుబుక్ అన్నాను కదా, వంద పేజీల లాంగ్‌బుక్ ఒకటి కొను. చెడిన ప్రతిదానికీ ఒక పేజీ. ఏం కనబడింది, ఏం అనుకున్నాను, ఏం చూశాను, అసలు కారణం ఏంటి. రెండోది, నువ్వు తప్పుగా అనుకున్నదాన్ని, కొట్టెయ్యకు. తెలుగులోనే రాయి, ఎర్రర్ మెసేజ్ మాత్రం ఉన్నది ఉన్నట్టు ఇంగ్లిష్‌లో. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ రాదని భయపడేవాళ్ళకు అసలు కొరత చాలాసార్లు ఇంగ్లిష్ కాదు, చెప్పడానికి కథ లేకపోవడం. జరిగిన సంగతి ఉంటే విరిగిన ఇంగ్లిష్‌లో అయినా వరస తప్పకుండా వస్తుంది. ఆ ప్రశ్న మళ్ళీ అడిగితే నువ్వు తిరిగి అడగాల్సినవి రెండున్నాయి: ‘అందరికీ ఓపెన్ కావట్లేదా, ఆ ఒక్కరికేనా?’, ‘నిన్నటికీ ఇవాళ్టికీ ఎవరన్నా ఏమన్నా మార్చారా?’ ఆ తర్వాత డీఎన్ఎస్ నుంచి నడక మొదలుపెట్టు. నీ సర్టిఫికెట్ కూడా వృథా ఏం పోలేదు, మూడేళ్ళు చెల్లుతుంది, ఇంటర్వ్యూ దాకా పిలిపించింది అదే.

రోజుకు గంటన్నర చొప్పున ఐదారు నెలలు అనుకో. తొందరపడితే తగ్గదు. మొదటి ఉద్యోగం క్లౌడ్ ఇంజనీర్ అనే పేరుతో రాకపోవచ్చు, నైట్ షిఫ్టులో టికెట్లు చూసే సపోర్టు పని రావచ్చు. జీతం చూసి మొహం చిన్నబుచ్చుకోకుండా తీసుకో. చెడిపోయినవి రోజుకు పది చూసే చోటు అది. మడికొండ ఐటీ పార్కులో కూడా అడిగి చూడు కానీ ఇక్కడే కావాలని కూర్చోకు, ఈ పనులు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నాయి. నాన్నకు ఏం చెప్పాలంటావా? డబ్బులు ఇప్పుడు వద్దు, ఉద్యోగం వచ్చాక హైదరాబాద్‌లో హాస్టల్ అడ్వాన్సుకు అడుగుతానని చెప్పు.

ఆ డెస్క్‌టాప్ విషయంలో ఒకటి మరిచిపోయాను. ఏళ్ళ తరబడి పడి ఉన్నదంటే మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయే ఉంటుంది, సీఆర్2032 అని అడిగితే ఏ వాచీల షాపులోనైనా ఇస్తారు. అది మార్చకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మెషిన్ గడియారం ఏళ్ళ వెనక్కి పోవచ్చు, ఎఫ్1 నొక్కమని అడుగుతూ అక్కడే ఆగిపోవచ్చు. మానిటర్ తీసేశావు కాబట్టి నీకది కనబడదు, నువ్వేమో ఎంజిన్‌ఎక్స్‌ను తిడుతూ కూర్చుంటావు. బ్యాటరీ వేశాక బయోస్‌లోకి (మెషిన్ లేచేటప్పుడు వచ్చే సెట్టింగుల పేజీ) పోయి, కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అది కూడా పెట్టు.